హెచ్‌పీవీ 16 పాజిటివ్ అని వచ్చిన రోజు నుంచి

రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. పింఛన్లు పడిన రోజు కావడంతో మా బ్యాంకులో కౌంటర్ల ముందు నిలబడటానికి కూడా చోటు లేదు. రెండు దాటాక బాక్సు తెరిచి, ఒక చేత్తో అన్నం కలుపుకుంటూ ఇంకో చేత్తో ఫోన్ చూశాను. షుగర్ లేదు, థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం కొంచెం తక్కువ. నాలుగో పేజీలో ఎర్ర అక్షరాలు: హెచ్‌పీవీ 16, పాజిటివ్. దాని కింద, డాక్టరును సంప్రదించండి అని ఒక్క లైను. ఫోన్ చేసి చెప్పినవాళ్లు లేరు, ఇది ఏమిటి, ఏది కాదు అని వివరించే ముక్క లేదు.

ఇది 2023 జూన్ సంగతి. అప్పుడు నాకు 44 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం, ఒక్కతే కూతురు. నాకు ఏ బాధా లేదు. నొప్పి లేదు, తెల్లబట్ట లేదు, నెలసరి లెక్క తప్పలేదు. ఉండబట్టలేక అక్కడే ఫోన్‌లో ఆ పేరు కొట్టి చూశాను. ముందు క్యాన్సర్ అని వచ్చింది. దాని కింద, లైంగిక సంపర్కంతో వ్యాపించే హ్యూమన్ పాపిలోమా వైరస్ అని వచ్చింది. ఆ రెండూ చదివాక బాక్సు మూత పెట్టేశాను. సాయంత్రం దాకా కౌంటర్‌లో కూర్చుని సంతకాలు సరిచూశాను కానీ ఎవరికి ఎంత ఇచ్చానో రాత్రి లెక్క సరిపోయేదాకా నాకే నమ్మకం లేదు.

అసలు ఈ పరీక్ష ఎందుకు చేయించుకున్నానో చెప్పాలి. ఏటా హెల్త్ చెకప్ ఫారంలో ఈ గడి ఉంటుంది. ఏటా ఖాళీగా వదిలేసేదాన్ని. ఆ ఏడాది వేసవి సెలవుల్లో కొత్తగూడెం వెళ్లినప్పుడు మా పెద్దమ్మ కూతురు మాటల మధ్యలో ఒక విషయం చెప్పింది. మా పెద్దమ్మ 1998లో పోయింది. కడుపులో గడ్డ లేచి పోయిందనే మాకు తెలుసు. అక్క చెప్పేదాకా అది గర్భసంచి మూతికి వచ్చిన క్యాన్సర్ అని నాకు తెలియదు. ముట్లు ఆగిపోయిన నాలుగేళ్లకు మళ్లీ ఎరుపు కనిపించిందట. ఎవరికీ చెప్పుకోలేదు. నడుము నొప్పితో లేవలేని స్థితి వచ్చాక హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. 'మా అమ్మ జబ్బు పేరు పాతికేళ్లు నోట్లోనే పెట్టుకున్నా' అంది అక్క. ఆ మాట విన్నాకే ఫారంలో ఆ గడి నింపాను.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పడం కష్టమైంది. అమ్మాయి పడుకున్నాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. 'హెచ్ఐవీయా?' అన్నారు. కాదండీ, హెచ్‌పీవీ అన్నాను. రెండు పేర్లు చెవికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను. రెండింటికీ సంబంధం లేదని, వేర్వేరు వైరస్‌లని ఫోన్ చూపించి చెప్పాను. ఆయన చదివారు. చదివి కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరి మధ్య ఒకే ప్రశ్న ఉంది. ఎవరి నుంచి? పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒకరి మీద ఒకరికి రాని అనుమానం ఆ రాత్రి వంటింటి లైటు కింద నిలబడింది. నేను అడగలేదు, ఆయనా అడగలేదు. ఇద్దరం నిద్రపోలేదు.

మూడు రోజుల తర్వాత హైదరాబాద్‌లో ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఇద్దరం కలిసి రావాలని నేనే పట్టుబట్టాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. రిపోర్టు చూసి పక్కన పెట్టి, ముందు ఒక మాట చెప్పారు: 'అమ్మా, ఇది క్యాన్సర్ రిపోర్టు కాదు. మీ ఇద్దరిలో ఎవరి నడవడిక గురించీ చెప్పే రిపోర్టు కూడా కాదు.' ఆ మాట వినగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఆయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు.

తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మందులు రాసి పంపేయకుండా ఇలా చెప్పే డాక్టరు దొరకడం నా అదృష్టం, అది అందరికీ దొరకాలి.

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. చేతుల మీద, కాళ్ల మీద వచ్చే ఉలిపిరులు కూడా ఈ కుటుంబం పనే. వాటిలో ఓ డజను రకాలే క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలవు. ఆ డజనులోనూ 16, 18 అనే రెండే ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. ఈ వైరస్ శరీర సంబంధం మొదలైన ఆడవాళ్లలో, మగవాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. జలుబులా వచ్చిపోతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. తెలియను కూడా తెలియదు. ఆ మిగిలిన కొద్దిమందిలో అది పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సమస్య అక్కడ మొదలవుతుంది.

'ఎప్పుడు వచ్చి ఉంటుంది మేడమ్?' అని మా ఆయన అడిగారు. పోయిన ఏడాది కావచ్చు, పెళ్లయిన కొత్తలో కావచ్చు, పెళ్లికి ముందే మీకో ఆమెకో తగిలి ఉండవచ్చు, చాలాకాలం అణిగి ఉండి తర్వాత బయటపడవచ్చు, ఏ పరీక్షా దాన్ని తేల్చలేదు అన్నారు ఆమె. మరి నాకు పరీక్ష చేయరా అని ఆయన అడిగితే, మగవాళ్లలో ఈ వైరస్ కోసం మామూలుగా చేసే పరీక్ష లేదని చెప్పారు. మగవాళ్లకూ దీనివల్ల గొంతులో, మలద్వారంలో, పురుషాంగంలో క్యాన్సర్ రావచ్చని కూడా ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. ఇది ఆడవాళ్ల జబ్బు అనే అనుకున్నాం.

నాకు మాత్రం ఒకటే కావాలి. వైరస్ క్యాన్సర్‌ను ఎలా తెస్తుంది? ఆమె నా ఫైలు వెనక అట్ట మీద బొమ్మ గీశారు. గర్భసంచి మూతి దగ్గర రెండు రకాల పొరలు కలుస్తాయి. బయటివైపు చర్మంలాంటి పలకల పొర, లోపలివైపు జిగురు ఊరే మెత్తని పొర. ఆ రెండూ కలిసే చోట కణాలు ఎప్పుడూ మారుతూ ఉంటాయి. వైరస్‌కు అనువైన చోటు అది. చిన్న గీతలోంచి దూరి అడుగున ఉన్న కణాల్లో చేరుతుంది. రక్తంలోకి వెళ్లదు, కణాన్ని పగలగొట్టదు, వాపు తేదు. అందుకే శరీరం కాపలాకు అది తొందరగా కనపడదు.

మన కణాలు అదుపు తప్పి పెరగకుండా లోపల బ్రేకులుంటాయట. వాటిలో ముఖ్యమైన రెండింటి పేర్లు పీ53, ఆర్‌బీ. వైరస్ తయారుచేసే ఈ6 అనే ప్రోటీన్ మొదటిదాన్ని నాశనం చేయిస్తుంది. ఈ7 అనేది రెండోదాన్ని పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. బ్రేకులు రెండూ పోయిన కణం చావాల్సినప్పుడు చావదు, ఆగాల్సినప్పుడు ఆగదు. తప్పులు పోగవుతూ ఉంటాయి. అయినా మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో ఇది క్యాన్సర్‌గా మారడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో, ఉదాహరణకు మందులు వాడని హెచ్ఐవీ ఉన్నవాళ్లలో, ఐదు నుంచి పదేళ్లే చాలు.

'అంత టైమ్ ఇచ్చే క్యాన్సర్ ఇంకోటి దొరకడం కష్టమమ్మా. ఆ టైమ్‌ను మనం వాడుకోవడం లేదు, అదే నా బాధ' అన్నారు ఆమె. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 1,27,000 మంది ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ బయటపడింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. 15, 20 ఏళ్లు టైమ్ ఇచ్చిన జబ్బుకు!

ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను, ఈ వైరస్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టింది హరాల్డ్ జుర్ హౌజెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త. 1970లలో అందరూ ఈ క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్‌ను అనుమానిస్తుంటే ఆయన ఉలిపిరుల వైరస్‌ను పట్టుకున్నారు. 1983లో హెచ్‌పీవీ 16ను, మరుసటి ఏడాది 18ను క్యాన్సర్ కణితుల్లోంచి వేరుచేసి చూపించారు. 2008లో నోబెల్ వచ్చింది. నా రిపోర్టు వచ్చిన 2023లోనే, దానికి కొద్ది రోజుల ముందు ఆయన పోయారు. ఆ నాలుగో పేజీలోని అంకె ఆయన బయటపెట్టిన వైరస్‌ది అని తెలిసినప్పుడు, ఎప్పుడూ చూడని ఆ మనిషికి దండం పెట్టుకున్నాను.

జులైలో కాల్పోస్కోపీ చేశారు. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను భయపడింది ఒకటి, జరిగింది ఒకటి. లోపలికి గొట్టం ఏదో పంపిస్తారని అనుకున్నాను. కాదు. స్పెక్యులం అనే పరికరం పెట్టి తెరిచి ఉంచుతారు, అది మాత్రం ఇబ్బందిగా, చల్లగా ఉంటుంది. కాల్పోస్కోపు అనేది పెద్దది చేసి చూపించే భూతద్దంలాంటి పరికరం, బయటే ఉంటుంది. పక్కనే స్క్రీన్. 'చూస్తారా, వద్దా?' అని డాక్టరు అడిగారు. చూస్తానన్నాను. 44 ఏళ్లు నాతో ఉన్న ఆ భాగాన్ని మొదటిసారి చూశాను. గులాబీ రంగులో, నున్నగా, మధ్యలో చిన్న రంధ్రంతో ఉంది.

దూది మీద ఎసిటిక్ యాసిడ్ తీసుకుని అద్దారు. మన వెనిగర్‌లో ఉండేదే, నాలుగైదు శాతం ఉంటుంది. కొంచెం చురుక్కుమంది. నిమిషం గడిచేసరికి స్క్రీన్ మీద ఒక పక్కన తెల్లటి మచ్చ లేచింది. బట్ట మీద ఎండిన గంజి చారలా, అంచు కట్టినట్టు ఉంది. పెరుగుదల అదుపు తప్పిన కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ యాసిడ్ తగిలితే అలా తెల్లబడతాయట. తర్వాత అయోడిన్ పూశారు. ఆరోగ్యంగా ఉన్న భాగమంతా ముదురు గోధుమ రంగులోకి తిరిగింది. ఆ మచ్చ ఉన్నచోట మాత్రం రంగు పట్టలేదు, ఆవపిండి రంగులో పసుపుగా మిగిలిపోయింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా నాకే కనిపిస్తోంది. పల్లెల్లో ఏ ల్యాబూ లేనిచోట నర్సులు కూడా ఈ వెనిగర్ పరీక్షతోనే అనుమానం ఉన్నవాళ్లను పట్టుకోగలుగుతున్నారని డాక్టరు చెప్పారు. అంత మామూలు వస్తువుతో!

'గట్టిగా దగ్గండి' అన్నారు. దగ్గాను. ఆ దగ్గులోనే చిన్న ముక్క తీసేశారు. పట్టకారుతో గిల్లినట్టు అనిపించింది. రెండుచోట్ల తీశారు. ఆ తర్వాత రెండు రోజులు ప్యాడ్ మీద నల్లటి మరకలు తప్ప ఇంకే బాధా లేదు.

ఆ ముక్కల పరీక్ష, అంటే బయాప్సీ రిపోర్టుకు ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. టెన్షన్, అంతే. అమ్మాయికి లెక్కలు చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని.

రిపోర్టులో సిన్ 3 అని వచ్చింది. సిన్ అంటే క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు. డాక్టరు మళ్లీ బొమ్మ గీశారు. పొర మందంలో కింది మూడో వంతు వరకే కణాలు మారితే సిన్ 1, అది చాలావరకు దానంతటదే పోతుంది. మూడింట రెండు వంతుల దాకా ఉంటే సిన్ 2. పొర మొత్తం మారిపోతే సిన్ 3. కానీ అడుగున ఒక పునాది పొర ఉంటుంది, దాన్ని దాటితేనే క్యాన్సర్. నాకు దాటలేదు. వదిలేస్తే ఏమవుతుందని అడిగాను. ఆమె న్యూజిలాండ్ సంగతి చెప్పారు. ఆక్లాండ్‌లోని ఒక పెద్ద మహిళా ఆసుపత్రిలో 1960లు, 70లలో సిన్ 3 ఉన్న కొందరు ఆడవాళ్లకు సరైన వైద్యం చేయకుండా గమనిస్తూ వదిలేశారు. వాళ్లకు ఆ విషయం చెప్పలేదు. తర్వాత ప్రభుత్వం న్యాయ విచారణ జరిపించింది. అలా వదిలేసినవాళ్లలో 30 ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరిగ్గా వైద్యం అందినవాళ్లలో అది ఒక శాతం కూడా లేదు, 0.7. ఆ రెండు అంకెలు విన్నాక నాకు ఇంక ఆలోచించేది ఏమీ లేకపోయింది. కానీ ఆ ఆడవాళ్ల గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. వాళ్ల ఒంట్లో ఏముందో డాక్టర్లకు తెలుసు, వాళ్లకు తెలియదు.

వైద్యం విషయం ఇంట్లో చెప్పగానే అందరిదీ ఒకే మాట: గర్భసంచి తీసేయించుకో. మా అత్తమ్మ, మా ఆడపడుచు, బ్యాంకులో నా పక్క సీటు ఆవిడ, అందరూ. 'పిల్ల పుట్టింది, ఇంకెందుకది, తీసేయిస్తే పీడ పోతుంది' అన్నారు. మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందంటే, 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోనే మనం ముందున్నాం. తెల్లబట్ట అంటే తీసేయడం, నడుము నొప్పి అంటే తీసేయడం. మా వీధిలోనే ముప్పై ఐదేళ్లకు తీయించుకుని, ఆ తర్వాత ఎముకల నొప్పులతో, ఒంట్లో సెగలతో బాధపడుతున్నవాళ్లు ముగ్గురున్నారు.

డాక్టరు సూటిగా చెప్పారు. నాకు అది అవసరం లేదు. జబ్బు ఉన్నది మూతి మీద వేలిగోరంత చోట, దాని కోసం గర్భసంచి మొత్తం తీయక్కర్లేదు. పైగా వైరస్ యోనిలోనూ ఉండొచ్చు, గర్భసంచి తీసినా పరీక్షలు మానడానికి లేదు. మా అత్తమ్మకు ఆ మాట ఎక్కడానికి వారం పట్టింది. ఆమెకు ఉన్నది నా మీద ప్రేమే. ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఆగస్టులో లీప్ అనే చిన్న ఆపరేషన్ చేశారు. మత్తు ఇవ్వలేదు, ఆ చోట తిమ్మిరికి ఇంజెక్షన్ ఇచ్చారంతే. ఆ మందుకు గుండె ఒక్కసారి దడదడలాడింది, కాళ్లు వణికాయి. అలా అవుతుందని ముందే చెప్పడంతో భయపడలేదు. తొడకు ఒక ప్యాడ్ అంటించి, సన్నటి తీగ ఉంగరంలోంచి కరెంటు పంపి, ఆ తీగతో జబ్బు ఉన్న భాగాన్ని చెక్కేశారు. పొగ పీల్చే యంత్రం చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రానికి బస్సులో వెళ్లగలిగే స్థితిలోనే ఉన్నాను, మా ఆయన ఒప్పుకోక కారు మాట్లాడారు.

నాలుగు వారాలు బరువులు ఎత్తొద్దు, కలవొద్దు, ఈత, టబ్బు స్నానం వద్దు అన్నారు. రక్తం ఆగడానికి పూసిన మందు వల్ల కాఫీ పొడి కలిపినట్టు నల్లగా, నీళ్లగా అవుతుంది. ఇది తెలుసు. నన్ను భయపెట్టింది పదో రోజు. పొద్దున్నే ఎర్రగా, నెలసరిలాగా అయింది. ఫోన్ చేస్తే, పుండు మీద పొక్కు ఊడే సమయంలో కొంతమందికి అలా అవుతుందని, గంటకో ప్యాడ్ తడిసిపోతే మాత్రం వెంటనే రావాలని చెప్పారు. పడుకుంటే సాయంత్రానికి తగ్గింది. ఈ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పదో రోజు గుర్తుపెట్టుకోండి.

తీసిన ముక్క అంచుల్లో జబ్బు కణాలు లేవని రిపోర్టు వచ్చింది. వైరస్‌ను చంపే మందంటూ లేదు. అది చేరిన కణాలను తీసేశారు, మిగిలింది నా ఒంటి పని. 2024 ఫిబ్రవరిలో, ఆరు నెలలకు, మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష. ఈసారి నెగెటివ్. మరుసటి ఏడాది కూడా నెగెటివ్. ఇకముందు కొన్నాళ్లు ఏటా, ఆ తర్వాత మూడేళ్లకోసారి, మొత్తం కనీసం పాతికేళ్లు చూపించుకోవాలి. అప్పటికి నాకు 69 దాటతాయి. ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాను, మా అమ్మాయి ఫోన్‌లో కూడా పెట్టించాను.

అమ్మాయి సంగతి మిగిలింది. మొదటి రోజే డాక్టరు నా పిల్ల వయసు అడిగారు. అప్పుడు 12. టీకా వేయించమన్నారు. వైరస్ తగలకముందు వేస్తేనే పూర్తి ఫలితం కాబట్టి తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య సరైన వయసు, ఆ వయసులో రెండు డోసులు, పదిహేను దాటితే మూడు అని అప్పుడు చెప్పారు. పుణేలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వావాక్ 2023 ప్రారంభంలోనే వచ్చింది, అప్పుడు డోసు 2,000 రూపాయల దగ్గర ఉండేది. తొమ్మిది రకాలకు పనిచేసే విదేశీ టీకా అయితే డోసు పదివేల పైన ఉండేది.

మాది ఖమ్మం జిల్లా. మా అమ్మకు ఆ టీకా అనగానే గుర్తొచ్చింది వేరు. 'ఆ సూదులా? ఆ సూదులతోనే కదే అప్పుడు భద్రాచలం పిల్లలు చనిపోయిండ్రు' అంది. ఆమె భయం గాలిలోంచి పుట్టింది కాదు. 2009లో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు వేలమందికి హెచ్‌పీవీ టీకాలు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కేంద్రం వేసిన కమిటీ ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు, పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుల మందు, జ్వరం లాంటి కారణాలే ఉన్నాయి. కానీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

నాకు ఆ నివేదికల గురించి చదివినప్పుడు కోపం వచ్చింది. టీకా మీద కాదు. ఆ తల్లులకు కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఇదిగో ఈ జబ్బు, ఇదిగో ఈ సూది, ఇలా పనిచేస్తుంది, జ్వరం రావొచ్చు, వద్దంటే వద్దు అని చెప్పి ఉంటే, మా జిల్లాలో ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ భయం ఉండేది కాదు. చెప్పకుండా వేసిన సూది మంచిదైనా జనం దాన్ని విషంగానే గుర్తుపెట్టుకున్నారు. ఆ భయం ఖరీదు ఎవరు కడుతున్నారు? మళ్లీ మా ఆడపిల్లలే.

అందుకే అమ్మకు ఒక రోజంతా చెప్పాను. డాక్టరు గీసిన బొమ్మ ఉన్న ఫైలు అట్ట చూపించాను. స్కాట్లాండ్‌లో 2008 నుంచి బడిలో టీకా వేస్తున్నారు, పన్నెండు, పదమూడేళ్లకు పూర్తిగా వేయించుకున్న ఆడపిల్లల్లో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024 జనవరిలో వచ్చిన అధ్యయనం గురించి చెప్పాను. ఆస్ట్రేలియాలో 2013 నుంచి మగపిల్లలకూ వేస్తున్నారని చెప్పాను. అమ్మ అన్నీ విన్నది. ఔననలేదు, కాదనలేదు.

అమ్మాయికి చెప్పడం ఇంకో పని. పదమూడేళ్ల పిల్లకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అని మా ఆయన తటపటాయించారు. నేను దాచలేదు. ఇది శరీర సంబంధం వల్ల వచ్చే వైరస్ అని, నువ్వు పెద్దయ్యాక ఎప్పటికైనా నీకు ఎదురుపడవచ్చని, నాకు వచ్చిందని, నాకు చేసిన ఆపరేషన్ దీని కోసమేనని చెప్పాను. నెలసరి గురించి మాట్లాడేటప్పుడు ఎంత మామూలుగా చెబుతానో అలాగే చెప్పాను. అమ్మాయి ఒక్కటే అడిగింది: 'నాకు వేస్తే నీకు చేసిన పరీక్షలు నాకు అక్కర్లేదా అమ్మా?' కావాలి, టీకా అన్ని రకాలనూ ఆపదు కాబట్టి ముప్పై ఏళ్లు వచ్చాక పరీక్షలు చేయించుకోవాలి అన్నాను. సరే అంది.

2024 మే నెలలో మొదటి డోసు. అమ్మ కూడా వస్తానంది, ఎందుకో చెప్పలేదు. క్లినిక్‌లో అనుమతి పత్రం ఇచ్చారు. నేను సంతకం పెట్టే ముందు దాన్ని అమ్మాయి చేతికిచ్చాను. మొత్తం చదివింది. అర్థం కాని రెండు మాటలు నర్సును అడిగింది. తర్వాత నేను సంతకం పెట్టాను.

అమ్మాయి లోపలికి వెళ్లాక బయట బెంచీ మీద అమ్మ, నేను. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూర్చుంది. అప్పుడు అంది, 'మీ పెద్దమ్మ నాకు చెప్పింది. చీర మీద మరక చూపించింది. ఈ వయసులో ఇదేంది, ఎవరికీ చెప్పకక్కా, నవ్వుతరు అని నేనే అన్నా.'

ఏం అనాలో నాకు తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. లోపలి నుంచి అమ్మాయి వచ్చింది, ఎడమ జబ్బ మీద దూది అదిమిపట్టుకుని. పావుగంట ఇక్కడే కూర్చోమన్నారు అని చెప్పి, అమ్మమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుంది.